విమానానికి గలేబు

"ఎవుల్నడిగి తడిపినావమ్మా? తాను తానంతా తొట్టిలో పడేసినావేటి!"

"అడిగితే వద్దంటారని అడగలేదండి మాస్టారూ."

"వద్దనే అంటాను! నలబై యేల్లుగా ఓడలకి టార్పాలిన్లు కుడతన్నాను నాను. కొత్త కాన్వాసుని కత్తిరించకముందే నీల్లలో యేసినోల్లని ఎక్కడా సూల్లేదు."

"ఓడ కొలత వేరు, విమానం కొలత వేరండి."

"ఓహో! మూడో తరగతి సదివి నాకు కొలతలు నేర్పుతావా?"

"మీరు ఎన్నో తరగతండి?"

నోరు జారాను. తండ్రి వయసున్న మనిషిని అలా అడగకూడదు. ఆయన చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. రెండో మిషను మీద కూర్చున్నావిడ ఊరుకుంటుందా! ఆవిడది రేవు పక్కనే జాలారి పేట, నన్ను అక్కా అని పిలిచేది. నోట్లో దారం కొరుకుతూనే అందుకుంది.

"ఊరుకోండి మాస్టారూ. అక్క ఇమానానికి పెల్లి సేస్తంది. పెల్లికూతురికి ముందుగాల మంగలతానం సేయించాల గదేటి?"

"నువ్వు నోర్ముయ్యి."

"నోట్లో దారముంది, మూత్తే తెగిపోద్ది."

వన్ టౌన్‌లో, రేవుకి వెళ్ళే సందులో ఉండేది ఆ కొట్టు. అటు ఉల్లిపాయల మండీ, ఇటు తాళ్ళూ ఇనప గొలుసులూ అమ్మే కొట్టు. మధ్యలో పొడుగ్గా రైలుపెట్టెలాగా ఉన్న గదిలో సాయిబు గారు టార్పాలిన్లు కుట్టించేవారు. ఆయన్ని మేమందరం మాస్టారనే అనేవాళ్ళం. మాది గోదావరి వైపు. మా ఆయనకి పోర్టులో బరువులెత్తే ఖలాసీ పని దొరికితే గోపాలపట్నంలో కాపురం పెట్టాం. పిల్లలు బడికి పోయాక ఇంట్లో ఊరికే కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. పనిలేని చెయ్యి కూడా తింటుంది కదా. అందుకని బస్సెక్కి వెళ్ళి ఆ కొట్టులో కుట్టుపనికి చేరాను. అప్పటికి బోలెడు ఓడలు వచ్చేవి. ఓడ పొట్ట మీద ఉండే పెద్ద గుంతల్ని కప్పడానికి టార్పాలిన్లు కావాలి. నాలుగు మిషన్లూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగేవి కావు.

తర్వాత తర్వాత ఇనప మూతలున్న ఓడలు వచ్చాయి. వాటికి గుడ్డ అక్కర్లేదు. లారీల వాళ్ళు నైలాను షీట్లకి మళ్ళారు. అటు స్టీలు ప్లాంటు కడుతున్నారు, ఊరు పెరుగుతోంది, అందరికీ పనులు దొరుకుతున్నాయి, మా కొట్టుకి మాత్రం తగ్గిపోయాయి. నాలుగు మిషన్లు రెండయ్యాయి. కుట్టేవాళ్ళం ఇద్దరమే మిగిలాం. "ఇంకో మంచి పని రాకపోతే ఈ రెండూ అమ్మేసి ఇంట్లో కూకుంటాను. అల్లుడు రమ్మంటన్నాడు" అని మాస్టారు ఒకరోజు అన్నారు. ఊరికే అనే మనిషి కాదాయన.

సరిగ్గా అప్పుడు జీపొకటి సందులోకి వచ్చింది. ఉల్లిపాయల బస్తాలకి తగలకుండా రావడానికి డ్రైవరు నానా తంటాలూ పడ్డాడు. అందులోంచి ఎయిర్‌ఫోర్సు ఆఫీసరు ఒకాయన దిగారు. కృష్ణా జిల్లా మనిషి, విమానాల మరమ్మతులు చూసే ఇంజనీరు. చేతిలో ఒక పెద్ద గుడ్డ మూట. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని బల్ల మీద పడేసేసరికి కొట్టంతా బూజు వాసన కొట్టింది.

"యుద్ధవిమానం ముందు భాగానికీ, నడిపేవాడు కూర్చునే చోటి అద్దానికీ వేసే తొడుగు ఇది. విమానంతో పాటే బయటి దేశం నుంచి వచ్చింది. వాళ్ళది మంచు దేశం. మంచుకి ఆగుతుందని ఇంత మందంగా కుట్టారు. మన సముద్రపు గాలికి ఒక్క వానాకాలం కూడా ఆగలేదు. కొత్తది తెప్పించాలంటే ఓడలో రావాలి. ఈలోగా ఎండకి అద్దం మసకబారుతుంది. మీరు కుట్టగలరా?"

జాలారి ఆవిడ మూటని గుడ్డ కొలిచే కర్రతో కదిపి చూసింది. "ఏటిది బాబూ, తలగడ గలేబులాగుంది?"

"అలాంటిదేనమ్మా" అన్నారాయన నవ్వుతూ. అప్పట్నుంచి మా కొట్టులో దాని పేరు గలేబే.

మాస్టారు టీ తెప్పించారు. ఆఫీసరు గారు టీ తాగుతూ చాలా చెప్పారు. పాత విమానాలు ఒక్కొక్కటే పనిలోంచి తీసేస్తున్నారట. కొన్ని కొత్తవి బయట కొంటున్నారట. కొన్నింటిని బయటివాళ్ళ బొమ్మలు చూసి మన దేశంలోనే కడుతున్నారట. ఇంజన్లు కూడా ముందు విడి భాగాలు తెచ్చి బిగించడం నేర్చుకుని, తర్వాత ఆ భాగాలే ఇక్కడ చేస్తున్నారట. మొత్తం మనదే అయిన విమానం ఒకదాన్ని కాగితాల మీద గీస్తున్నారట.

"అదంతా పెద్దవాళ్ళ పని. నా బాధ ఇది" అని గలేబు మీద చెయ్యి వేశారు. "ఇంజను చెయ్యగలిగిన దేశం గుడ్డ కోసం ఉత్తరాలు రాస్తోందమ్మా. నాకు తలకొట్టేసినట్టు ఉంటోంది."

నాకు విమానాల సంగతేం తెలుసు? కానీ ఆ మాట మాత్రం బాగా అర్థమైంది. మా కొట్టు మిషన్లు కూడా బయటి దేశం నుంచి వచ్చిన సీమ సరుకే. గుడ్డని ముందుకి తోసే పళ్ళచట్రం అరిగిపోతే, మొదట్లో బయటనుంచి తెప్పించేవారట మాస్టారు. తర్వాత మా సందు చివర లేతు మిషను వాడికి అరిగినదాన్ని ఇచ్చి, అలాంటిదే చెయ్యమన్నారు. మొదటిది మూడు రోజుల్లో విరిగింది. రెండోది గుడ్డని పక్కకి తోసింది. మూడోది ఇప్పటికీ నడుస్తోంది. ఏదైనా అంతే. కొనుక్కోవడం ఒక రోజు పని, చేసుకోవడం నేర్చుకోవాలంటే నాలుగు పాడవుతాయి. కాకపోతే ఆ పాడయ్యేది నా చేతి మీదుగా అవుతుందని అప్పుడు అనుకోలేదు.

పాతదాన్ని కుట్టు కుట్టూ విప్పింది నేనే. దారం కూడా పారెయ్యలేదు, చుట్టి దాచాను. పదకొండు ముక్కలు వచ్చాయి. వాటిని పాత పేపర్ల మీద పెట్టి గీసి, అచ్చులు కత్తిరించాం. మాస్టారు ప్రతి అచ్చు మీదా సుద్దతో బాణం గుర్తు వేశారు.

"బాణాలన్నీ తాను పొడుగు ఎటుంటే అటే ఉండాల. అడ్డం తిప్పకు" అని చెప్పి జుమ్మా నమాజుకి వెళ్ళారు.

ఇక్కడ మా కొట్టు ఆచారం ఒకటి చెప్పాలి. కత్తిరించగా మిగిలిన గుడ్డ కత్తిరించిన మనిషిది. ఎంత నేర్పుగా సర్దితే అంత మిగులుతుంది. జానెడు ముక్క కూడా వృథా చెయ్యనని నాకు కొట్టులో పేరు. ఆ రోజు అచ్చులు పరిచాను. ఎలా సర్దినా విమానం మూతికి రెండు పక్కలా వచ్చే బుగ్గల ముక్కలు రెండూ వెడల్పుగా ఉండి, బోలెడు గుడ్డ తినేస్తున్నాయి. అదే వాటిని అడ్డం తిప్పితే గజంన్నర మిగులుతుంది. మంచి గట్టి కాన్వాసు. చూస్తూ చూస్తూ చేతులు ఎలా ఊరుకుంటాయి? తిప్పేశాను. కుట్టాక ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. గజంన్నరతో కూరల సంచి కుట్టుకున్నాను.

మొదటి గలేబు ముచ్చటగా వచ్చింది. లోపల అద్దం గీసుకుపోకుండా మెత్తటి ఫ్లానెలు, అంచున ఇత్తడి రింగులు, కట్టడానికి తాళ్ళు. కుట్టయ్యాక మామూలుగా చేసినట్టే అవిసె నూనె, మైనం కలిపి పట్టించాం. ఆఫీసరు గారు తీసుకెళ్ళి వేసి, సరిపోయిందని కబురు పంపారు. మాస్టారు ఆ రోజు మాకు సేమ్యా పెట్టారు.

నాలుగు రోజులు వాన పట్టింది. తర్వాత బాగా ఎండ కాసింది. వారం తిరక్కుండా జీపు మళ్ళీ సందులోకి వచ్చింది. గలేబు ముడుచుకుపోయింది. ముడుచుకున్నా సమంగా ముడుచుకుంటే ఒక దారి, అలా కాదు. పొడుగు తగ్గింది, బుగ్గలు ఒక పక్కకి లాగేశాయి, మూతి మెలి తిరిగింది. తాళ్ళు రింగుల దాకా అందడం లేదు.

"గుడ్డ మంచిది కాదు బాబూ. తప్పు నాది. మిల్లు వోన్ని నమ్మినాను" అన్నారు మాస్టారు తల వంచుకుని.

"ఇంకొక్కటి కుట్టి చూపించండి" అన్నారు ఆఫీసరు గారు. "అదీ ఇలాగే అయితే బయటికే రాసెయ్యమని పైవాళ్ళు అంటున్నారు. నేను ఆపలేను."

ఆ వేళ ఇంటికి బస్సులో వెళ్తుంటే ఒళ్ళోని కూరల సంచి రాయిలా ఉంది.

ఇంట్లో మా ఆయన భోజనం చేస్తూ అన్నారు. "సీమ సరుకు సీమ సరుకేనే. పోర్టులో పెట్టెలు దింపుతాను కదా, ఆ మేకులు చూసినా తెలిసిపోతుంది."

"ఆ సీమ సరుకే బూజు పట్టి మా కొట్టుకొచ్చిందండి."

"మరి మీది?"

"మాది బూజు పట్టలేదుగా, ముడుచుకుంది."

"రెండూ తొడగడానికి పనికిరాలేదు. తేడా ఏవిటే?"

ఆయన కంచంలో మజ్జిగ ఒంపాను. అంతలో మా అమ్మాయి కొత్త చీర తెచ్చింది, ఫాల్ కుట్టి పెట్టమంది. ఫాల్ గుడ్డ తీసుకుని, అలవాటుగా బకెట్టు నీళ్ళలో పడేశాను. తడిపి ఆరేసి కుట్టకపోతే మొదటి ఉతుకుకే చీర అంచు ముడతలు పడుతుందని ఏ ఆడదానికి తెలియదు? గుడ్డని అలా నీళ్ళలో ముంచుతూ ముంచుతూ ఆగిపోయాను. ఫాల్‌కి ఉన్న జ్ఞానం గలేబుకి లేకపోయిందేమిటి?

అదీ సంగతి. మర్నాడు మాస్టారు రాకముందే కొత్త గుడ్డ తాను మొత్తం విప్పి, కొట్టు వెనక సిమెంటు తొట్టిలో నానేశాను. నానేసే ముందు ఒక పని చేశాను. తాను పొడుగునా గజం దూరంలో రెండు ఎర్రదారపు కుట్లు వేశాను. అడ్డంగా కూడా గజం దూరంలో రెండు వేశాను. సుద్ద గుర్తయితే నీళ్ళలో పోతుందని.

ఇక మొదట్లో చెప్పిన తగువు దగ్గరికి వస్తాను. ఎన్నో తరగతండి అని నేను అన్నాక మాస్టారు టేపు చుట్టి బల్ల మీద పెట్టారు. తర్వాత మెల్లిగా అన్నారు.

"పెంకితనం సెయ్యకు బేటీ. ఇదే ఆకరి తాను. ఇది పోతే మళ్ళీ తెచ్చేది లేదు. కొట్టూ లేదు. పాడు గుడ్డ వొల్ల ఒకపాలి పరువు పోయింది, నీల్ల వొల్ల ఇంకోపాలి పోవాలా?"

"గుడ్డ పాడుది కాదండి."

"మరేటి?"

"నేనే పాడుచేశాను."

జాలారి ఆవిడ మిషను ఆపేసింది. నేను మూలనున్న మొదటి గలేబు తెచ్చి బల్ల మీద పరిచాను. బుగ్గల ముక్కలు చూపించాను. "ఈ రెండింటినీ అడ్డం తిప్పి కోశాను. మీరు వద్దన్నాకే కోశాను. గజంన్నర మిగిలింది. ఆఫీసరు గారి ముందు మీరు తల వంచుకుంటే చూస్తూ నిలబడ్డాను."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని వంగి నేతని చూశారు. వేలితో పోగు వెంబడి నిమిరారు. చూసిన కొద్దీ మొహం గట్టిపడింది. ఇవాళ్టితో ఈ కొట్టుకి రావడం ఆఖరనుకున్నాను.

"ఆ గజంన్నర ఏం సేసినావు?"

గోడకి తగిలించి ఉన్న కూరల సంచి చూపించాను. అందులోంచి ఆనపకాయ ఒకటి బయటికి తొంగిచూస్తోంది.

మాస్టారు సంచిని చూశారు, గలేబుని చూశారు, మళ్ళీ సంచిని చూశారు.

"యా అల్లా!" అన్నారు. "యుద్ధం సేసే ఇమానం బుగ్గలు కోసి ఆనపకాయలు మోస్తన్నావా!"

అనడం కోపంగానే మొదలుపెట్టారు. చివరికొచ్చేసరికి గొంతు వణికింది. గడ్డం వణికింది. మేజా బల్ల పట్టుకుని నవ్వడం మొదలుపెడితే ఇంక ఆపలేకపోయారు. జాలారి ఆవిడ నేల మీద చతికిలబడి, "ఆనపకాయకి ఇమానం ఎక్కే యోగం రాసుంది మాస్టారూ" అని ఒకటే పొర్లడం. ఉల్లిపాయల మండీ వాళ్ళు ఏమైందోనని గుమ్మంలోకి వచ్చి చూశారు. నాకు నవ్వు రాలేదు. కాసేపటికి అదీ వచ్చింది.

నవ్వు ఆగాక ఆయన కళ్ళు తుడుచుకుని, "తియ్యి, తియ్యి, బయటికి తియ్యి నీ పెల్లికూతుర్ని" అన్నారు. ముగ్గురం తొట్టిలోంచి తానుని ఈడ్చాం. నీళ్ళు పీల్చిన కాన్వాసు అంటే దూడంత బరువు. మేడ మీదకి మోసుకెళ్ళి పిట్టగోడ పొడుగునా వేశాం. ఆ వీధిలో కుళాయి రోజుకి గంటసేపే వచ్చేది. తొట్టి ఖాళీ చేశానని పక్కింటి వాళ్ళు గొణుగుతుంటే, ఆ నీళ్ళతోనే సందు మొదటి నుంచి చివరిదాకా కడిగేశాను. ఉల్లితొక్కలన్నీ పోయి సందు కళకళలాడింది. ఇంక ఎవరూ నోరెత్తలేదు.

ఎండాక మాస్టారు టేపు పట్టారు. పొడుగున ఎర్రకుట్ల మధ్య గజం కాస్తా మూడు వేళ్ళు తగ్గింది. అడ్డాన ఒక్క వేలు తగ్గింది. ఆయన నమ్మలేదు. రెండోసారి కొలిచారు. టేపు తిరగేసి మూడోసారి కొలిచారు.

"అదిగో మెలి" అన్నారు. "పదకొండు ముక్కల్లో తొమ్మిది ఒకలాగ ముడుసుకుంటే, నీ రెండూ ఇంకోలాగ ముడుసుకున్నాయి. మూతి తిరగదేటి మరి!" కాసేపాగి, "నలబై యేల్లు కుట్టినాను. ఓడ మీద కప్పిన గుడ్డ జానెడు తగ్గితే ఎవడడిగినాడు? నాకూ తెల్లేదులే" అన్నారు.

"ఇంకోసారి తడపమంటారా?" అన్నాను.

"ఏం, ఇంకా ఆశ తీరలేదా?"

"ఒక్క ఉతుకుకి ఆగని గుడ్డలు కొన్ని రెండో ఉతుక్కి కూడా ముడుచుకుంటాయండి."

ఈసారి తగువాడలేదు. ఆయనే తొట్టిలో నీళ్ళు పట్టారు. రెండోసారి ఆరాక ఎర్రకుట్ల మధ్య వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు. అప్పుడు కత్తిరించాం. అచ్చులు ఆయన పరిచారు, బాణాలన్నీ ఒకే వైపు. కత్తెర మాత్రం నా చేతికే ఇచ్చారు. బుగ్గల ముక్కల దగ్గరికి వచ్చేసరికి మాస్టారు వంగి బాణం గుర్తు ఇంకోసారి చూసుకున్నారు. పక్కన బోలెడు గుడ్డ పనికిరాకుండా మిగిలిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంది, నిజం చెప్పొద్దూ. అయినా కోశాను.

ఆ కుట్టిన రోజులు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. మందంగా ఉన్న మడతల దగ్గర మిషను సూది దిగదు. అరచేతికి తోలుముక్క కట్టుకుని, లావుపాటి సూదిని తోసి చేత్తో కుట్టాలి. జాలారి ఆవిడ వలలు అల్లిన మనిషి. ముడి వేసిందంటే అది విప్పడం దేవుడి తరం కాదు. రింగుల పని అంతా ఆవిడదే. ఆవిడ పాడుతుంటే మాస్టారు మైనం కరిగించేవారు. అప్పుడప్పుడూ ఎయిర్‌పోర్టు వైపు నుంచి విమానం లేచిన మోత వినపడేది. "అదిగో, గలేబు గావాలని ఏడుత్తంది" అనేది ఆవిడ. సగం పనిలో ఉండగానే మా ఆయన కూడా ఒకరోజు డ్యూటీ దిగి కొట్టుకి వచ్చారు. గలేబుని అటూ ఇటూ లాగి చూసి, "కుట్టు గట్టిగానే ఉందే" అన్నారు. సీమ సరుకు మాట ఎత్తలేదు.

నూనె పట్టించి ఆరేసిన సాయంత్రం మాస్టారు అన్నారు. "రేపు పొద్దున్న ఎయిర్‌పోర్టులో సూపించాల. ముగ్గురం ఎల్తన్నాం."

"నేను రానండి" అన్నాను. "మీరిద్దరూ వెళ్ళండి."

"తప్పు సెప్పడానికి నోరుంది గదా. ఒప్పు సూడ్డానికి కాల్లు లేవా?"

"మళ్ళీ మెలి తిరిగితే ఆయన మొహం చూడలేనండి."

"తిరిగితే ముగ్గురం సూడొద్దు, తలొంచుకునే ఉందాం. బస్సు ఏడింటికి. ఆనపకాయలు కొనుక్కుంటా నిలబడిపోకు" అని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఏడింటి బస్సులో వెళ్ళాం. గలేబుని మూట కట్టి మాస్టారు ఒళ్ళో పెట్టుకున్నారు, కండక్టరు దానికీ టికెట్టు తీసుకోమంటే, "ఇది ఇమానం ఎక్కే సరుకు, బస్సు టికెట్టేటి" అంది జాలారి ఆవిడ. గేటు దగ్గర ఆఫీసరు గారి మనిషి మా పేర్లు రాసుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

అన్నేళ్ళు గోపాలపట్నంలో ఉండి, ఇంటి మీదుగా పోతుంటే అరమరలో గిన్నెలు గలగలలాడడం విన్నానే గానీ, విమానాన్ని అంత దగ్గర నుంచి చూడలేదు. పైనుంచి పోయేటప్పుడు చేసే మోతకి పెద్ద ఏనుగంత ఉంటుందనుకున్నాను. సన్నగా, పొడుగ్గా, సూదిలా ఉంది. కిరసనాయిలు వాసన. పక్కన వేరే దేశం అక్షరాలు చెరిపేసి మన అక్షరాలు రాసినట్టు ఆనవాలు కనిపించింది. నలుగురు కుర్రాళ్ళు నిచ్చెన ఎక్కి గలేబు తొడిగారు. మూతి దగ్గర సరిపోయింది. అద్దం మీద సరిపోయింది. తాళ్ళు లాగి కట్టారు. అన్నీ అందాయి.

"పోయినసారి కూడా ఇలాగే అందాయి" అన్నారు ఆఫీసరు గారు. "బకెట్లు తెండి."

పది పన్నెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించారు. ఆరేదాకా, మధ్యాహ్నమైనా ఉంటాం అని మాస్టారు అన్నారు. ఎండ బాగా ఉంది. అంత ఎండ కాస్తున్నందుకు నేను సంతోషించడం అదే మొదటిసారి. షెడ్డు నీడలో కూర్చోబెట్టి మాకు ఉప్మా పెట్టారు. మాస్టారు ముట్టుకోలేదు. జాలారి ఆవిడ ఆయనదీ తినేసింది.

ఆ నీడలోనే ఆఫీసరు గారితో చెప్పాను. "మొదటిది పాడైంది మాస్టారి వల్ల కాదండి. నేను గుడ్డ మిగుల్చుకుందామని అడ్డం కోశాను."

ఆయన నా వైపు చూశారు. "ఇప్పుడు ఎందుకు చెప్తున్నారమ్మా?"

"అది విప్పకముందే చెప్పాలి కదండి. విప్పాక చెబితే, బాగుంటే గొప్పకి చెప్పినట్టు, పాడైతే సాకు చెప్పినట్టు ఉంటుంది."

"మొదటి ముక్క సరిగ్గా వచ్చినవాళ్ళని నేనింకా చూడలేదు" అని లేచి వెళ్ళారు.

గుడ్డ బాగా ఆరాక కుర్రాళ్ళు తాళ్ళు విప్పారు. గలేబు తీశారు, దులిపారు, మళ్ళీ తొడిగారు. ఆఫీసరు గారే నిచ్చెన ఎక్కి బుగ్గల మీద చెయ్యి పెట్టి చూశారు. ప్రతి తాడునీ ఆయనే స్వయంగా కట్టారు. ముడులన్నీ మొదట పడిన చోటే పడ్డాయి. ఆయన కిందకి దిగి, లోపలి ఫ్లానెలు తిరగేసి, చెంపకి ఆనించుకుని చూశారు. అప్పుడు మాస్టారితో చెయ్యి కలిపారు.

"కుట్టింది ఈల్లు బాబూ" అన్నారు మాస్టారు. మా ఇద్దర్నీ ముందుకి నెట్టారు.

"ఇలాంటివి ఇంకా ఆరు కావాలి. తర్వాత ఇంజను మూతికీ, తోకకీ కూడా కుట్టాలి. ఆరూ ఎన్నాళ్ళలో ఇస్తారు?"

"నెల రోజుల్లో ఇచ్చేత్తాం బాబూ."

"ఇవ్వలేమండి" అన్నాను. "వానాకాలం. తడిపిన గుడ్డ రెండుసార్లు ఆరాలి. రెండు నెలలు రాసుకోండి."

మాస్టారు నా వైపు చూసి తలూపారు. ఆఫీసరు గారు రెండు నెలలని రాసుకుని, కాగితం మీద సంతకం పెట్టి, అచ్చు కోసం ఇంజను మూతి తొడుగు పాతదొకటి మా చేతికిచ్చారు. రెండు గంటల బస్సుకి ముగ్గురం వన్ టౌన్ తిరిగొచ్చాం. జాలారి ఆవిడ తాళం తీసింది. మాస్టారికి ఆకలి వేసింది, పొద్దున్న నుంచి ఏమీ తినలేదు కదా. ఆయన భోంచేసి వచ్చేలోపు నేను ఆ పాత తొడుగు కుట్లు విప్పడం మొదలుపెట్టాను.